మాస్టర్ బిళ్ళకు తగిలిన వేడి

ఎస్కిల్‌స్టూనా ఊళ్ళోని కార్ఖానాలో ఆ చలికాలమంతా ఎవర్ట్ చేతి గురించే గుసగుసలు. భార్య పోయాక ముసలాయన చెయ్యి వణుకుతోందట, కొలతలు సరిచూసుకోవడానికి వాడే ఉక్కు బిళ్ళలు అరగదీసే పని ఇక ఆయన వల్ల కాదట. ఫోర్‌మన్ హెల్గె మొహమాటం లేకుండా తేల్చేశాడు. ఈసారి పళ్ళెంలో ఆయన చేసిచ్చిన బిళ్ళలు కొలతకు నిలిస్తే సరే, లేదంటే ఎవర్ట్ గోదాములో సామాను సర్దే పనికి పోవాల్సిందే.

కొలవాల్సింది గున్‌వోర్. చిన్నప్పుడు ఆమెను సైకిలెక్కించుకుని ఊరంతా తిప్పిన పక్కింటి బాబాయి ఎవర్ట్. ఇక ఆమె అవస్థ ఏం చెప్పమంటారు.

ఆ కొలిచే యంత్రం లోపల మెలితిప్పిన సన్నటి రేకు, దాని నడుమ వెంట్రుకలాంటి గాజు ముల్లు ఉంటాయి. పిల్లలు గుండీకి దారం గుచ్చి లాగితే గిర్రున తిరుగుతుందే, అదే సూత్రం. కింద మొన కంటికి ఆననంత కదిలినా చాలు, రేకు మెలి విప్పుకుని పైన ముల్లును అంగుళం దూరం జరిపేస్తుంది. ముందు సరైన కొలత గల మాస్టర్ బిళ్ళ పెట్టి ముల్లును సున్నాకు తెస్తారు. తర్వాత మిగతావి పెట్టి తేడా చూస్తారు. ఎక్కువైతే ఇంకాస్త అరగదీయొచ్చు. తక్కువైతే చెత్తబుట్టే గతి.

మాస్టర్ బిళ్ళను పట్టకారుతోనే పట్టాలి, ఒంటి వేడి తగిలితే ఉబ్బుతుంది. గున్‌వోర్‌కి తెలియనిదేం కాదు. కానీ ఆ ఉదయం, బాబాయి పరువు కాపాడు దేవుడా అనుకుంటూ దాన్ని గుప్పిట్లో బిగించుకుని చాలాసేపు కూర్చుండిపోయింది. అలాగే పెట్టి సున్నా చేసింది.

ఒక్కో బిళ్ళా పెట్టింది. ప్రతిసారీ ముల్లు ఒకే దూరం తక్కువ వైపే పడింది. చివర్లో మాస్టర్‌ను మళ్ళీ పెట్టి సరిచూడాలి. ఆ ముల్లును ఇంకోసారి చూసే ఓపిక లేక, అన్నీ తక్కువేనని చెప్పి పళ్ళెం హెల్గె చేతికిచ్చేసింది.

అక్కడి ఆనవాయితీ ఏమిటంటే, పనికిరాని బిళ్ళలను చేసినవాడే సుత్తితో కొట్టి పాడు చేయాలి, పొరపాటున ఎవరికీ అమ్ముడుపోకుండా. ఎవర్ట్ సుత్తి అందుకుని కింది అంతస్తులో కొట్టడం మొదలుపెట్టాడు.

కింద నుంచి ఆ చప్పుడు వింటూ, చేతులు ఊరుకోక గున్‌వోర్ మాస్టర్‌ను మొన కిందికి తోసింది. ముల్లు తక్కువ వైపు, సరిగ్గా అంతే దూరం పడింది. ఇందాక సున్నా చేసినప్పుడు అది గుప్పిటి వేడికి ఉబ్బి ఉంది, ఇప్పుడు మాస్టర్ చల్లారి తన అసలు కొలతకు వచ్చేసింది. బాబాయి బిళ్ళలన్నీ సరిగ్గానే ఉన్నాయి.

మెట్లు దిగి పరుగెత్తింది. అప్పటికి పళ్ళెంలో ఒక్కటే మిగిలింది.

“ఆపు బాబాయ్. తప్పు నాది. మాస్టర్‌ను చేత్తో పట్టుకున్నాను.”

హెల్గె మొహం చిన్నబుచ్చుకుని, రేపటి నుంచి యథాప్రకారం పనిలోకి రమ్మని గొణిగాడు. ఎవర్ట్ తల అడ్డంగా ఊపాడు.

“తక్కువ వచ్చాయని నువ్వంటే నాకు ఆశ్చర్యం కూడా వేయలేదమ్మాయ్,” అన్నాడు. “ఇంకోసారి చూడమని నోరు కూడా తెరవలేదు. నా చేతిని నేనే నమ్మకపోతే, ఇక ఆ పని ఎందుకు?”

మిగిలిన బిళ్ళను ఆమె చేతిలో పెట్టి గోదాము వైపు వెళ్ళిపోయాడు.

అది చల్లారేదాకా ఆగి, చల్లటి మాస్టర్‌తో మళ్ళీ సున్నా చేసి గున్‌వోర్ కొలిచింది. ముల్లు సున్నా మీద నిలబడింది. ఆమె ఆ బల్ల దగ్గరే కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చింది.