రక్షిత పేరు మీద

సకల జనుల సమ్మెకు యూనివర్సిటీ మూతపడి విద్యార్థులు ఊళ్లకు చేరినప్పుడు, మా అమ్మాయి రక్షిత ఫేస్‌బుక్‌లో గ్రూపు పెట్టి జూనియర్లకు నోట్సు పంపేది. జ్వరంతో ఆమె పోయిన పన్నెండో రోజున పరీక్షల తేదీ వచ్చింది. ఆమె మరణం గ్రూపులో ఎవరికీ తెలియదు. మిగిలిన పాఠాలను ఫోటోలు తీసి ఆమె ల్యాప్‌టాప్ నుంచే పెట్టాను. అవి ఆమె పేరుతో వెళ్తాయని నాకు తోచలేదు.

గూడూరు దగ్గరి తండా నుంచి దేవ్యా అనే జూనియర్ వెంటనే రాశాడు: "యాడ పోయినవక్కా? మా మీద అలిగినవనుకున్నం!"

ముప్పై ఏళ్లుగా పిల్లలకు రాయడం నేర్పుతున్నాను. ఒక్క వాక్యానికి చాలాసేపు పట్టింది: "నేను రక్షిత నాయినను."

"నమస్తే బాపూ! అక్కను జర పిలువరా? నాలుగో పాఠంల డౌటుంది."

అప్పుడు రెండో వాక్యం రాశాను.