పంపినోని పేరు యేసుప్రసాద్

ఊళ్లో అందరూ నన్నే అడుగుతాండారు, "మీ ఆయప్పకేం పోయేకాలమొచ్చిందే ప్రేమమ్మా, నోరు మూసుకోని ఉంటే సరిపోయేది కదా!" అని. నేనేం చెప్పేది? నాకూ అదే కడుపుమంట.

మా ఆయప్ప అంటే నా మొగుడు, యేసుప్రసాద్. ఆలూరు పక్కన ఇంత శెనక్కాయ చేను పెట్టుకోని బతుకుతాండాం. వారమంతా మట్టిలో పడుంటాడా, ఆదివారమైతే మనిషే మారిపోతాడు. తెల్లచొక్కా తొడుక్కోని చర్చిలో సండేస్కూలు పిల్లోళ్లకు పాఠం చెప్పేది ఆయప్పే. మాకు బిడ్డల్లేరు. ఆ పిల్లోళ్లే మాకు బిడ్డలు. బైబిల్లో రాయి దెబ్బకు చచ్చిన రాక్షసుడు గొలియాతు కత చెప్పాలంటే బెంచీ ఎక్కి ఉరిమేవాడు, రాయి తగిలినట్టు దబ్బుమని కింద పడేవాడు. పిల్లోళ్లు పొట్టలు పట్టుకోని నవ్వేవాళ్లు.

పాఠాలకు బొమ్మలు తెప్పించుకోవల్లని ఫోన్లో మెయిలు పెట్టించుకున్నాడు. ఆ పాడు మెయిలే మా కొంప ముంచింది.

ఒకరోజు అందులో ఒక జాబు వచ్చింది. 'నువ్వు ఫోన్లో చూసిన పాడు వీడియోలు నాకు తెలుసు. చూస్తాండంగా నిన్ను కూడా వీడియో తీసినా. దుడ్లు పంపు, లేదంటే నీకు తెలిసినోళ్లందరికీ పంపుతా' అని. పంపినోని పేరు కాడ చూస్తే యేసుప్రసాద్. అడ్రసు కూడా ఈయప్పదే.

నాకు ఒక్క మాట చెప్పలేదు. అన్నం తినలేదు, చేనికి పోలేదు. జ్వరమేమో అనుకోని మిరియాల కషాయం కాచిచ్చినా. నా తెలివి తెల్లారినట్టే ఉండాది!

ఆదివారం ప్రార్థనలో మా పాస్టరు జయకుమారయ్య, "సాక్ష్యం చెప్పేవాళ్లు లేవండి" అన్నాడో లేదో, మా ఆయప్ప లేచినాడు. వాన పడిందని దేవునికి వందనాలు చెప్తాడనుకున్నా.

"నేను ఫోన్లో చూడకూడనివి చూసినా. నాకు తప్ప ఎవరికీ తెలియనిది, నా పేరుతోనే నాకు జాబు వచ్చింది. దేవుడే నా పాపం నాకు రాసి పంపించినాడు. మన్నించండి" అని ఆడోళ్ల ముందర, పిల్లోళ్ల ముందర భోరుమని ఏడ్చినాడు. కొరివితో తల గోక్కున్నాడు నాయనా! నాకు భూమి చీలిపోతే బాగుండుననిపించింది.

అంతే. తల్లులు పిల్లోళ్లను చెయ్యి పట్టుకోని లాక్కపోయినారు. సండేస్కూలు ఇంకొకరికిచ్చినారు. దోవలో కనపడితే చంగుమని ఎగిరి మీద పడే పిల్లోళ్లు ఇప్పుడు తల తిప్పుకోని పోతాండారు. ఆయప్ప చేతులు చాపి, మళ్లీ దించుకుంటాడు. అది నేను చూడలేను.

నిన్న ఉండబట్టలేక పాస్టరయ్య ఇంటికి పోయినా. "ఏమయ్యా, చంపినాడా? ఒకరి ఇంట్లో దూరినాడా? పిల్లోళ్లను ఆయప్పకియ్యండి. లేకుంటే మనిషి దక్కడు" అని కాళ్లమీద పడినా.

ఆయన లేచి తలుపు దగ్గరికేసినాడు.

"అమ్మా, ఆ మెయిలు దొంగది. నాకూ వచ్చింది, నా పేరుతోనే. ఎవరి అడ్రసైనా పెట్టి పంపుతారంట. వాళ్ల కాడ వీడియో లేదు, పాడూ లేదు. నేను తీసి పారేసినా."

"మరి ఆ పొద్దు ఆయప్ప ఏడుస్తాంటే ఈ మాట చెప్పలేదేమయ్యా?"

తలుపుకు గడియ కూడా పెట్టినాడు. "నాకూ వచ్చిందంటే నేనూ చూసినాననుకుంటారు కదమ్మా. నాకూ పెండ్లాం బిడ్డలుండారు."

ఆ గడియ నేనే తీసుకోని ఇంటికొచ్చేసినా.

ఇంట్లో ఆయప్ప గోడకానుకోని కూర్చోనుండాడు. "ఏమన్నాడే అయ్య?" అన్నాడు.

"ఏమీ అన్లేదు. పిల్లోళ్ల తల్లులు ఒప్పుకోరంట" అన్నా.

తల ఊపినాడు. "పోనీలేవే. దేవుడే రాసి అడిగినాడు, నేను దాచకుండా చెప్పినా. ఆ ఒక్కటన్నా మిగిలింది నాకు."

మాట నా గొంతు దాకా వచ్చింది. దేవుడూ లేదు, దయ్యమూ లేదు, ఎవడో దొంగనాయాలు పంపినాడని ఇప్పుడు చెబితే, ఈ మనిషికి రేపు పొద్దున లేయడానికి ఏముండాది?

"అవునయ్యా, దేవుడే" అన్నా. అని గిన్నెలు తీసుకోని బయటికి పోయి ఏడ్చినా.