రాయి ఎటు పోతుంది

సిరి చేసిన చేటలో వెదురు పుల్ల ఒక్కటీ లేదు. పల్చటి ప్లైవుడ్డుని యూనివర్సిటీలో లేజర్ యంత్రం మీద కోయించి, వేడి జిగురుతో అతికించి, అడుగున అగ్గిపెట్టెంత సెన్సార్ బిగించింది. చేటని ఎటు వంచినా, ఎంత విసురుగా ఎగరేసినా దానికి తెలిసిపోతుంది. తెలిసిన సంగతి వైరు గుండా ల్యాప్‌టాప్‌కి చేరవేస్తుంది. ఎదురుగా తెర మీద బొమ్మ బియ్యం కదులుతాయి. వాటి మధ్య ఇరవై ఎర్రటి రాళ్లు. చేట ఆడించి రాళ్లన్నీ బయటికి పోగొడితే తెర పచ్చబడి గంట మోగుతుంది. అదీ ఆట.

ఆడేవాళ్లకి ఆటే గానీ చేసిన పిల్లకి కాదు. లీసెస్టర్‌లో ఎలక్ట్రానిక్స్, డిజైను కలిపి నేర్పే మాస్టర్స్ కోర్సులో చేరింది సిరి. మొదటి టర్ములో ఈ మాడ్యూల్ తప్పింది. ఇది రెండోసారి. ఇదీ తప్పితే ఆఖరి ప్రాజెక్టుకి పంపరు, కోర్సు అంతటితో సరి. గురువారం ట్యూటర్ ముందు చేట పెట్టాలి. పక్కన అయిదుగురి చేత ఆడించి చూసిన రిపోర్టు కూడా పెట్టాలి. ఆ అయిదుగురిలో ఒక్కరైనా ఆ పని నిజంగా చేతులతో చేసినవాళ్లయి ఉండాలని ట్యూటర్ ఫియోనా ముందే చెప్పింది.

నలుగురు క్లాసులోనే దొరికారు. నలుగురూ రెండు నిమిషాల్లోపే గంట మోగించారు. పోలండు కుర్రాడయితే నలభై సెకన్లలో పూర్తిచేసి, ఇంకా కష్టంగా ఏమీ లేదా అని అడిగాడట.

అయిదో మనిషి ఇంట్లోనే ఉంది. సిరి అద్దెకున్న మేడగది హైమావతి ఆంటీది. ఆమె ఆసుపత్రి వంటింట్లో పనిచేస్తుంది, వారం రోజుల డ్యూటీల రోటా ఫ్రిజ్ మీద అంటించి ఉంటుంది. పెళ్లికి ముందు తణుకు దగ్గర రైస్‌మిల్లులో నాలుగేళ్లు చేట పట్టానని ఒకసారి బియ్యం కడుగుతూ మాటవరసకి చెప్పింది. సిరి ఆ మాట గుర్తుపెట్టుకుని, ఆమెకి ఆఫ్ ఉన్న శనివారం పొద్దున్నే వంటింటి బల్ల మీద సరంజామా అంతా పరిచింది.

ఆంటీ చేతులు తుడుచుకుని, చున్నీ నడుముకి బిగించి, చేట అందుకుంది. రెండుసార్లు ఎగరేసింది, గుండ్రంగా తిప్పింది, వేళ్లతో అంచు మీద తట్టింది. చూడ్డానికి నీళ్లు పారినంత నిదానంగా ఉంది. తెర మీద మాత్రం ఒక్క రాయి కదల్లేదు. మూడుసార్లు ఆడింది. మూడుసార్లూ అదే మాట వచ్చింది, రాళ్లు ఇరవై, మళ్లీ ప్రయత్నించండి అని.

కింద గదిలో ఉండే చక్రి, సిరి క్లాసువాడే, టోస్టు తింటూ చూస్తున్నాడు. మా క్లాసంతా పాసయింది, మిల్లు మనిషి తప్పిందని నవ్వాడు.

"ఏదీ, నువ్వు చెయ్యరా," అంది ఆంటీ.

వాడు చేట తీసుకుని జల్లెడ పట్టినట్టు అడ్డదిడ్డంగా ఊపాడు. ఎర్ర రాళ్లు చేట ముందు అంచు దాటి టపటపా గెంతాయి. గంట మోగింది.

ఆమె స్థానంలో ఇంకొకరయితే ముఖం మాడ్చుకునేవారు. ఆంటీ మాత్రం కళ్లజోడు తెచ్చుకుని తెర దగ్గరికి వంగింది. వాణ్ణి మళ్లీ ఊపమంది, ఇంకోసారి ఊపమంది. అప్పుడు అడిగింది.

"ఈ రాళ్లు ముందుకెందుకు పోతున్నాయి?"

 సిరి పెరిగింది విజయవాడ అపార్ట్‌మెంట్లో. చేట సంగతి ఫోన్లో ఒక వీడియో చూసి నేర్చుకుంది. అందులో ఏదో ముందుకి ఎగిరిపడింది. అదే రాయనుకుంది.

"అది పొట్టు తల్లీ. తేలిక గనక ముందుకి పోతుంది. రాయి బరువు. చేట వెనక్కి, నీ పొట్ట దగ్గరికి వచ్చి కూర్చుంటుంది. నువ్వు దాన్ని గెంటేశావు. పైగా ఎర్ర రంగొకటి. ఎర్రగా కనబడే రాయికి చేటెందుకు, చేత్తో ఏరి పారేస్తారు. రాయి బియ్యం రంగులోనే ఉంటుంది, అందుకే కదా పంటి కిందకొస్తుంది."

ఆంటీ టీ పెట్టడానికి లేచింది. చక్రి సిరి పక్కకి జరిగి, ఉన్నది ఉన్నట్టు వదిలెయ్యమన్నాడు. గంట మోగుతోంది, నలుగురు పాసయ్యారు, అయిదో పేరు నాది రాసెయ్. మా నాయనమ్మ చెరిగేది, ఆ లెక్కన నేనూ చేట వంశం వాణ్ణే, ఎవరొచ్చి అడుగుతారు అన్నాడు. వాడన్నది అబద్ధమే గానీ పనికొచ్చే అబద్ధం. మధ్యలో ఉన్నది అయిదు రోజులు. నడుస్తున్న బండిని విప్పదీశాక మళ్లీ బిగియకపోతే మొదటికే మోసం.

సిరి ఆ మాట విన్నది, కాదనలేదు. అయితే రాయి వెనక్కి వస్తుందన్న మాట బుర్రలో గుచ్చుకుంది. ఎలా వస్తుంది? ఎగరేస్తే అన్నీ కలిసి ఎగరవా? కింద పడేటప్పుడు ఎవరు చెబుతారు దానికి, నువ్వు ఇటు పో, నువ్వు అటు పో అని? టీ చల్లారిపోయింది. చివరికి, ఒక్కసారి నిజం బియ్యంతో చూపిస్తారా అని అడిగింది.

అక్కడొచ్చింది చిక్కు. ఇంట్లో ఉన్నది సార్టెక్స్ బియ్యం. యంత్రం ఒక్కొక్క గింజనీ చూసి పంపిన సరుకు, బస్తా బోర్లించినా రాయి దొరకదు. చక్రిని పెంపుడు జంతువుల కొట్టుకి పంపారు. వాడు చేపల తొట్టెలో వేసే తెల్ల గులకరాళ్ల సంచీ పట్టుకొచ్చాడు. ఆంటీ వాటిని కడిగి, సన్నవి ఇరవై ఏరి బియ్యంలో కలిపింది.

"బియ్యంలో రాళ్లేరి బతికినదాన్ని," అంది, "ఇంత దూరమొచ్చి రాళ్లు కొనుక్కొచ్చి బియ్యంలో పోస్తున్నాను. మా మేస్త్రి చూస్తే తన్నేవాడు."

బీరువా మీంచి తన చేట దించింది. వెదురుది. సూట్‌కేసులో బట్టల మధ్య పెట్టుకొచ్చినది. ముందు ఎగరేసి చెరిగింది. తర్వాత బరువైనవి విడిపోయేలా గుండ్రంగా తిప్పుతూ నేమింది. ఆఖర్న చేట ముందుకి కాస్త వాల్చి, ఎడమచేతి వేళ్లతో వెనక అంచుని కొడుతూ పోయింది. బియ్యం కొద్దికొద్దిగా ముందుకి జారుతుంటే, గులకరాళ్లు ఒక్కొక్కటే వెనక మూల చేరాయి. సిరి లెక్కపెట్టింది. ఇరవై.

సిరి గమనించినది ఇంకొకటుంది. ఆంటీ చేటకేసి చూడనే లేదు. కిటికీలోంచి పక్కింటివాళ్ల చెత్త డబ్బా వైపు చూస్తూ చేసింది. అదేమిటని అడిగితే, మిల్లులో తవుడు దుమ్ముకి కళ్లు తెరిచే వీలుండేది కాదనీ, రాయి చప్పుడు వేరు, గింజ చప్పుడు వేరు అనీ చెప్పింది. సిరి చేట అడుగున చెవి పెట్టి మళ్లీ చేయించుకుంది. సరసరలో అక్కడక్కడా టిక్కుమంది.

ఆ మధ్యాహ్నమే సిరి ప్రోగ్రాం విప్పింది. రాళ్లకి బియ్యం రంగు వేసింది. అవి వెనక్కి జరిగేలా, అన్నీ వెనక చేరితేనే గంట మోగేలా రాసింది. వెనక చేరిన ప్రతి రాయికీ ఒక టిక్కు పెట్టింది. ప్లైవుడ్డు మీద వేలి దెబ్బ ఆగకుండా చేటంతా అదురుతోంది. సెన్సార్‌కి ఏ దెబ్బ ఏదో తెలియడం లేదు. దాంతో ఆంటీ చేటే కావాలంది. ఇస్తాను గానీ వేడి జిగురు తగలనివ్వనంది ఆమె. పాత కాగితాలు, మెంతులు నానబెట్టి, మిక్సీలో రుబ్బి, సెన్సార్‌కి పల్చటి ప్లాస్టిక్ చుట్టి చేట వీపున పెట్టి, మీద ఆ ముద్దతో అలికింది. ఊళ్లో కొత్త చేటకి చేసేదే. ఎండ లేని ఊరు గనక రేడియేటర్ మీద ఆరబెట్టారు. మంగళవారానికి ఆరింది. ఇల్లంతా మెంతి వాసన. చక్రి కోటుకి కూడా పట్టి బస్సులో మనుషులు తిరిగి చూశారట.

రిపోర్టులో అయిదో మనిషి దగ్గర సిరి ఉన్నదే రాసింది. చేట తెలిసిన మనిషి తప్పింది, తెలియని నలుగురు నెగ్గారు, కారణం ఆట తయారుచేసిన మనిషికి పని తెలియకపోవడం.

గురువారం స్టూడియోలో ఫియోనా చేట అందుకుని, మెంతి వాసనకి ముక్కు ఎగబీల్చి, చక్రిలాగే ఊపింది. గంట లేదు. మళ్లీ ఊపింది. రాళ్లు ఇరవై. పోయినవారం క్లాసులో ఇది చక్కగా పనిచేసింది కదా అంది. పక్కన చక్రి నేల చూపులు చూశాడు.

"పోయినవారం తప్పుగా పనిచేసింది," అంది సిరి.

రాయి ఎటు పోతుందో చెప్పుకొచ్చింది. తలుపు దగ్గర ఆంటీ నిలబడి ఉంది, ఎవరితోనో షిఫ్టు మార్చుకుని వంటింటి యూనిఫాంతోనే వచ్చింది. ఫియోనా చేట ఆమె చేతికిచ్చింది. ఆంటీ తెర వైపు చూడలేదు, కిటికీకేసి తిరిగింది. స్పీకర్లో సరసర, మధ్యలో టిక్కు, టిక్కు.  ఇరవయ్యో టిక్కుకి గంట మోగింది.

ఫియోనా తనకీ నేర్పమంది. ఆంటీ ఆమె వెనక చేరి మోచెయ్యి పట్టుకుని కిందికి దించింది, వేళ్లు అంచు మీద పెట్టించింది, మధ్యమధ్య తెలుగులోనే విసుక్కుంది. పది నిమిషాలకి ఏడు రాళ్లు వెనక్కొచ్చాయి. వెనకాల పోలండు కుర్రాడితో సహా వరస కట్టారు.

మార్కులు తర్వాత వస్తాయని చెప్పి, కాగితాలు సర్దుకుంటూ ఫియోనా ఒక మాట అడిగింది. ఆఖరి ప్రాజెక్టులో దీన్ని ఎక్కడిదాకా తీసుకెళ్తావు అని. ఆఖరి ప్రాజెక్టు అన్నది. సిరి ఆ మాటని గట్టిగా పట్టుకుంది.

తిరిగొచ్చే బస్సులో చేట ఆంటీ ఒళ్లో ఉంది, వైరు వేలాడుతోంది. పాసయినట్టేనా అని అడిగింది. అయినట్టేనంది సిరి. ఆంటీ సంచీలోంచి వచ్చే వారం రోటా తీసి వేలు పెట్టి వెతికింది.

"ఆవిడకింకా పదమూడు రాళ్లు మిగిలాయి," అంది. "వచ్చే శనివారం నాకు ఆఫ్. ఇంటికి రమ్మను."