మందిరం వెనక సాకెట్టు

కువైట్‌లోని షుఐబాలో మా ప్లాంటులో ఏ పంపు మూలిగినా ముందు నన్నే పిలుస్తారు. ఇరవై రెండేళ్ళుగా పిలుస్తున్నారు. గొప్ప కోసం చెప్పడం లేదు. సరే, గొప్ప కోసమే చెబుతున్నాను. పంపుకు చెవి ఆనించి వింటే ఏ బేరింగు అరిగిందో చెప్పేస్తాను. అలాంటి ఈ రామ్మోహన్‌కి సొంత కూతురి గదిలో ఇంటర్నెట్టు నిలబెట్టడం చేతకాలేదు.

మా అనూహ్యకు పంతొమ్మిదేళ్ళు. ఇక్కడే కాలేజీ. ఐదుగురు అమ్మాయిలు ఒక జట్టుగా కంప్యూటర్లో కాల్పుల ఆట ఆడతారు. ఒకరు బహ్రెయిన్‌లో, ఒకరు మస్కట్‌లో, ఎవరింట్లో వాళ్ళు కూర్చుని ఆడతారు. గల్ఫ్ మొత్తం మీద నలభై జట్లు మొదలుపెడితే వీళ్ళు సెమీఫైనల్ దాకా వచ్చారు. నాకు ఆ ఆట అర్థం కాదు కానీ, మా అమ్మాయి చేతి వేగం చూస్తే మాత్రం ఒళ్ళు పులకరిస్తుంది.

చిక్కంతా వైఫైతోనే. మంగాఫ్‌లో మా ఫ్లాటు పాతది. గోడలు మందం. రౌటరు హాల్లో టీవీ పక్కన, అనూహ్య గది ఆ చివర. క్వార్టర్ ఫైనల్లో ఆఖరి రౌండులో తెర మీద బొమ్మ మూడు సెకన్లు బిగుసుకుపోయింది. కదిలేసరికి ఆటలో మా అమ్మాయి నడిపే మనిషి నేల మీద పడి ఉంది. ఎలాగో గట్టెక్కారు గానీ, బహ్రెయిన్‌లో ఉండే కెప్టెన్ ఫోన్ చేసి మర్యాదగానే చెప్పేసింది: సెమీఫైనల్లో ఇంకొక్కసారి కనెక్షన్ పోతే ఫైనల్లో అనూహ్య స్థానంలో వేరే అమ్మాయి ఆడుతుంది.

"సాల్మియాలో గేమింగ్ సెంటర్ ఉంది నాన్నా. అక్కడికెళ్ళి ఆడుకుంటాను," అంది అనూహ్య.

"నేనుండగా నువ్వు ఇంకో చోటికెళ్ళి ఆడటమేంటి? ఇంట్లో ఇంజనీరుని పెట్టుకుని!" అన్నాను. అనూహ్య నా మాట నమ్మి సెంటర్లో సీటు అడగడం మానేసింది.

హాల్లోంచి గదిదాకా కేబుల్ లాగితే రెండో రోజే మా ఆవిడ జ్ఞానప్రసూన దానికి తట్టుకుని బోర్లా పడింది. గోడకు కన్నం పెడదామంటే ఇంటి ఓనరు ఒప్పుకోడు. గురువారం సాయంత్రం మిర్కాబ్ బజారుకు వెళ్ళి పవర్‌లైన్ అడాప్టర్లు కొనుక్కొచ్చాను. రెండు డబ్బాలు. ఒకటి రౌటరు దగ్గర కరెంటు సాకెట్టులో, రెండోది కంప్యూటరు దగ్గర సాకెట్టులో పెడితే, గోడలో ఉన్న కరెంటు తీగల్లోంచే ఇంటర్నెట్టు వెళుతుంది. కొత్త తీగ అక్కర్లేదు, గాల్లో ఎగరాల్సిన పనీ లేదు. పచ్చ లైటు వెలిగితే బాగున్నట్టు, ఎర్ర లైటు వెలిగితే లేనట్టు.

ఎర్ర లైటు వెలిగింది.

మొదటి తప్పు నాదే, ఒప్పుకుంటాను. మా ఇళ్ళలో మిక్సీ, గ్రైండరు, ఇడ్లీ కుక్కరు అన్నీ బెజవాడ నుంచి మోసుకొచ్చినవే, వాటి గుండ్రటి పిన్నులు ఇక్కడి సాకెట్లలో పట్టవు. అందుకని ప్రతి గోడకీ ఒక ఎక్స్‌టెన్షన్ బాక్సు వేలాడుతుంది. కొత్త వస్తువు ఏదొచ్చినా ముందు ఆ బాక్సులోనే గుచ్చడం మాకు అలవాటైపోయింది. అడాప్టర్ని కూడా అందులోనే గుచ్చాను. డబ్బాతో వచ్చిన కాగితంలో అలా చేయొద్దని పెద్దక్షరాలతో ఉంది. శుక్రవారం పొద్దున తీసి నేరుగా గోడకు పెట్టాను. అయినా ఎర్ర లైటే. సెమీఫైనల్ ఆ సాయంత్రమే నాలుగింటికి. ఒంటిగంటకి కూడా ఎర్ర లైటే.

అనూహ్య సాల్మియాకి ఫోన్ చేసింది. సీట్లన్నీ నిండిపోయాయట. ఫోన్ పెట్టేసి నా వైపు చూడకుండా గోళ్ళు కొరుక్కుంటూ కూర్చుంది. తిట్టినా బాగుండేది.

"షాపువాడు చెత్త అంటగట్టాడు," అని నేను అరుస్తుంటే, తిరుపాలమ్మ భోజనాల బల్ల తుడుస్తూ ఆగింది. రాయచోటి దగ్గరి మనిషి. ముందు ఒక కువైటీల ఇంట్లో ఇంటిపని చేసి, ఆరేళ్ళుగా మా ఇంట్లోనే ఉంటోంది.

"సార్, తప్పుగా అనుకోబాకండి. ఈ డబ్బాలు కరెంటులో నుంచే గదా మాట్లాడుకునేది?"

"అవును."

"పాప రూము కరెంటు వేరే, ఈడ టీవీ కాడ కరెంటు వేరే గదా సార్. అవి రెండూ ఎట్లా మాట్లాడుకుంటాయి?"

"వేరే ఏంటి? ఇల్లంతా ఒకటే మీటరు!"

"మీటరు ఒకటే సార్. పోయిన ఎండాకాలం మీరంతా బెజవాడ పోయింటిరి గదా. అప్పుడు సగం ఇంటికి కరెంటు పాయె. పాప రూములో ఏసీ బందు, ఫ్రిజ్జు బందు. ఈడ టీవీ మాత్రం ఆడతానే ఉండె. నేను ఈడ నుంచి వైరు గుంజి ఫ్రిజ్జుకు పెడితి. మీరు ఫోన్లో ఏందో పేరు చెప్తిరి గూడా."

చెప్పాను. ఒక ఫేజు పోయిందని చెప్పాను. మా ఫ్లాటుకి మూడు ఫేజులు, అంటే కరెంటు మూడు వేరు వేరు తీగల మీద వస్తుంది. ఒక ఫేజు మీదున్న డబ్బా ఇంకో ఫేజు మీదున్న డబ్బాతో సరిగ్గా మాట్లాడలేకపోతోంది. ప్లాంటులో రోజూ మూడు ఫేజుల మోటార్ల మధ్య తిరిగే నాకు అది తట్టలేదు. ఇక హాల్లో పాప గది ఫేజు మీదే ఉన్న సాకెట్టు వెతకాలి.

"మరి ఆ రోజు పాప రూముతో పాటు హాల్లో ఇంకేం పోయింది? గుర్తుందా తిరుపాలమ్మా?"

"గుర్తు లేకేమి సార్! దేవుని కాడ లైటు ఆరిపోయె. ఆ లైటు ఆరిపోగూడదని మ్యాడమ్ చెప్పి పోయింటిరి. నేనే వత్తి చేసి, నాలుగు పొద్దులు నూనె దీపం పెట్టినా."

హాల్లో ఒక మూల మా దేవుడి మందిరం ఉంది. దాని వెనక ఒకే ఒక సాకెట్టు. అందులో కరెంటు దీపం, జ్ఞానప్రసూన దాన్ని పదకొండేళ్ళుగా ఆర్పలేదు. అడాప్టరుకి ఆ సాకెట్టే కావాలి, గోడకే పెట్టాలి. దీపం తీయాలి. తీయమని ఆవిడతో చెప్పే ధైర్యం నాకు లేదు. అనూహ్యకీ లేదు.

జ్ఞానప్రసూన మా ముగ్గుర్నీ చూసింది. మందిరం ముందు ఒక నిమిషం నిలబడి దణ్ణం పెట్టుకుంది. తర్వాత అగ్గిపెట్టె తెచ్చి నూనె దీపం వెలిగించి, కరెంటు దీపం ప్లగ్గు తన చేత్తోనే లాగింది.

"ఆ ఎక్స్‌టెన్షన్ బాక్సు ఇటివ్వండి. టీవీ దగ్గర్నుంచి దీపానికి లాగుదాం. దేవుడికి ఏ ఫేజైతే ఏంటండీ," అంది.

రౌటరు నుంచి గోడ వెంబడే మందిరం దాకా కేబుల్ పరిచి, అడాప్టరు పెట్టాను. లైటు కాసేపు మిణుకు మిణుకుమంది. తర్వాత పచ్చగా నిలబడిపోయింది. అనూహ్య గదిలోంచి కేక వేసింది. సంతోషంతో వేసిన కేకే. అప్పటికి రెండు నలభై.

ఆట సాగిన గంటన్నరా తిరుపాలమ్మ వంటింటి గుమ్మంలో కాపలా కాసింది. మిక్సీ వేస్తే ఇంటర్నెట్టు వణుకుతుందని ముందే పరీక్షించి చూశాం. వాషింగ్ మెషీన్ దగ్గరికి నేను వెళ్ళినా, "యాడికి సార్?" అని అడ్డం వచ్చింది. జ్ఞానప్రసూన టీ అడిగితే అల్లం రోట్లో దంచింది, అదీ తువ్వాలు కప్పి, చప్పుడు కాకుండా. చప్పుడుకీ ఇంటర్నెట్టుకీ సంబంధం లేదని చెప్పబోయి ఊరుకున్నాను. ఆ రోజు సలహాలిచ్చే అర్హత నాకు లేదు.

ఆఖరి రౌండులో మా అమ్మాయి ఒక్కతే మిగిలింది. అవతల ఇద్దరు. తెర ఒక్కసారి కూడా బిగుసుకోలేదు. మొదటిదాన్ని పడగొట్టింది. రెండోదాన్ని గోడ చాటు నుంచి పడగొట్టింది. నేను కుర్చీ ఎక్కి అరిచాను. యాభై ఒకటో ఏట కుర్చీ ఎక్కి అరవడం ఎంత బాగుంటుందో నాకు ముందు తెలియదు.

ఆట అయ్యాక, దాన్ని ప్రసారం చేసేవాళ్ళలో ఒకతను అనూహ్యతో ఇంగ్లీషులో మాట్లాడాడు. పోయినసారి పోయిన కనెక్షన్ ఈసారి ఎలా బాగుపడిందని అడిగాడు. నేను జుట్టు సవరించుకున్నాను. మా నాన్న ఇంజనీరు అంటుందని ఎదురుచూశాను.

"మా ఇంట్లో తిరుపాలమ్మ ఆంటీ ఉన్నారు. ఇంట్లో ఏ తీగ ఎక్కడికి వెళుతుందో ఆవిడకి తెలుసు. ఈ గెలుపు ఆవిడది," అంది.

"నా పేరు ఎందుకు చెప్తాంది సార్ పాప?" అని తిరుపాలమ్మ కంగారుపడింది. తెలుగులో చెప్పాను. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఇంజనీరు మీరు గదా సార్. మీ పేరు చెప్పలేదా?"

"చెప్పలేదు. నిజమే చెప్పింది," అన్నాను. అంత నిఖార్సుగా నిజం చెప్పే కూతుర్ని కన్నందుకు నాకు గర్వంగా అనిపించింది.

మర్నాడు సెలవు. ఇంటి కరెంటు మొత్తానికి ఒక డ్రాయింగు గీశాను. ఏ సాకెట్టు ఏ ఫేజో, ఎర్ర, పసుపు, నీలం పెన్సిళ్ళతో. మా ప్లాంటులో ఒక పద్ధతి ఉంది. ఎంత పెద్ద ఇంజనీరు గీసినా, కింద సరిచూసినవారి సంతకం లేకపోతే ఆ కాగితం చెల్లదు. నా సంతకం చేసి, కాగితమూ పెన్నూ తిరుపాలమ్మ ముందు పెట్టాను.

"ఇక్కడ నువ్వు సంతకం పెట్టాలి."

తిరుపాలమ్మ చేతులు తుడుచుకుని కూర్చుంది. వేలు పెట్టి హాలు చూసింది, వంటిల్లు చూసింది, పాప గది చూసింది. పావుగంట చూసింది. తర్వాత పెన్ను ముట్టుకోకుండా కాగితాన్ని నా వైపు తోసింది.

"బాత్రూములో గీజరు తప్పు రాసినారు సార్. కరెంటు పోయిన ఆ పొద్దు నాకు నీళ్ళు కాగలేదు. సరిచేసి తెండి, పెడతా."

సరిచేసి తెచ్చాను. అప్పుడు పెట్టింది.