కొత్త కారు మీద నూనె బొట్టు

స్నిగ్ధ కారు కొని ఇంటికి తెచ్చిన రోజు పూజ నేనే చేశాను. ఇంట్లో నాకన్నా పెద్దవాళ్లు ఎవరున్నారు గనుక? స్నిగ్ధ నా కొడుకు కూతురు. బొల్లారంలో మందుల కంపెనీ ల్యాబులో పని చేస్తుంది. మూడేళ్లు కంపెనీ బస్సులో కిటికీకి తల ఆనించి నిద్రపోతూ తిరిగి, చివరికి పాలలాంటి తెల్ల కారు కొనుక్కుంది.

కిష్టారెడ్డిపేటలో మా అపార్ట్‌మెంటు ముందు దాన్ని నిలబెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించి, కొబ్బరికాయ కొట్టాం. ముందు బానెట్ మీద పసుపు కుంకుమలతో స్వస్తిక్ వేశాను. నీళ్లతో కలిపితే పటాన్‌చెరు దాకా పోయేలోపే గాలికి రాలిపోతుందని, గడపకు పెట్టినట్టే మంచినూనెతో కలిపాను. అది మా అత్త నేర్పిన పద్ధతి. ఆమె పెట్టిన గడప బొట్టు వానలకు కూడా చెదిరేది కాదు.

“మళ్ల శుక్రారం దాంక దీని మీద సుక్క నీళ్లు పడొద్దు బిడ్డా,” అన్నాను.

“సరే నాయినమ్మా,” అంది.

నా మాట మీద ఆ వారమంతా కారును కడగకుండానే డ్యూటీకి తీసుకుపోయింది. మే నెల ఎండలు. బొల్లారంలో పొద్దున పెట్టిన కారును సాయంత్రం చూస్తే, పైన ఎవరో పిండి జల్లించినట్టు ఉండేది.

శుక్రవారం సాయంత్రం స్నిగ్ధ తడిగుడ్డ పెట్టి తుడిస్తే బొట్టు పోయింది. దాని కింద గులాబీ రంగు స్వస్తిక్ మాత్రం అలాగే ఉండిపోయింది. ఎంత తుడిచినా కదలలేదు. నా కోడలు సుమిత్ర నడుము మీద చేతులు పెట్టుకుని చూసింది.

“అత్తమ్మా, కారుకు పచ్చబొట్టు పొడిచినవ్ గదా!”

“నోరు ముయ్యవే,” అన్నాను గానీ నాకు నవ్వు రాలేదు. స్నిగ్ధ కూడా నవ్వలేదు. వేలితో ఆ మరకను రాసి చూసుకుంది, ఒక్క మాట అనకుండా పైకి వెళ్లిపోయింది.

తిట్టినా బాగుండేది. మాట్లాడకుండా వెళ్లిపోయే మనుషులంటే నాకు చిన్నప్పటి నుంచీ భయమే. మా ఆయన మొగులయ్య అలాంటి మనిషి. నా కొడుకు కడుపులో ఉన్న ఏడాది, ఊళ్లో అందరికన్నా ముందు ఎర్ర ట్రాక్టర్ తెచ్చాడు. బురద పోతుందని నేను కొబ్బరి పీచు, బూడిద పెట్టి ఇత్తడి బిందెను తోమినట్టు తోమాను. బురదతో పాటు రంగు నిగనిగ కూడా పోయింది. ఆయన చూశాడు. ఒక్క మాట అనలేదు. మర్నాటి నుంచి ట్రాక్టర్‌ను వాళ్ల అన్న దొడ్లో పెట్టడం మొదలుపెట్టాడు. దాన్ని అమ్మే దాకా నా చెయ్యి తగలనివ్వలేదు. పన్నెండేళ్లు. ఇప్పుడు ఈ పిల్ల కూడా నన్ను అలాగే పక్కన పెడుతుందా అని రాత్రంతా నిద్ర పట్టలేదు. దాని జడలు, దాని జ్వరాలు, దాని పరీక్షల పొద్దున పెరుగన్నం, అన్నీ నా చేతి మీదే జరిగాయి. ఇక ఆ చెయ్యి వద్దంటే నేనేం కావాలి?

బుద్ధి ఉన్న మనిషైతే ఆ ట్రాక్టర్ తర్వాత పీచు పారేసేది. నేను తెల్లారగానే చింతపండు నానబెట్టుకుని, కొబ్బరి పీచు కొంగులో దాచుకుని కిందికి దిగాను. బూడిద అయితే గరుకు, చింతపండు మెత్తన కదా అని నా లెక్క. మరక అంచున బొటనవేలంత మేర, మెల్లగానే రుద్దాను.

“పెద్దమ్మా, ఆగు! చెయ్యి తీయ్!”

గేటు దగ్గర దశరథ్. ఎదురింటి పై గదిలో కిరాయికి ఉంటాడు, బస్సులకు బాడీలు కట్టే షెడ్డులో రంగులు కొడతాడు. నైట్ డ్యూటీ దిగి వస్తున్నాడు. పరుగున వచ్చి వంగి చూశాడు. నేను రుద్దిన చోట సన్నటి గీతలు, సాలీడు గూడు లాగా.

“గిదేం పని పెద్దమ్మా? బోళ్లు తోమినట్టు కారును తోముతరా?”

“మెల్లగ మాట్లాడు బిడ్డా, పిల్లకు ఇయ్యాల సెలవు, పండుకున్నది.”

“పండుకోలే,” అని పైనుంచి వినిపించింది. బాల్కనీలో స్నిగ్ధ. ఎప్పటి నుంచి చూస్తుందో తెలియదు.

అది మెట్లు దిగే చప్పుడు లెక్కపెట్టుకుంటూ నిలబడ్డాను. రెండు బకెట్లు, ఒక సంచీ పట్టుకుని వచ్చింది. గీతలు చూసింది. నా చేతిలో పీచు చూసింది. మొగులయ్య మొహం ఎట్లా ఉండేదో సరిగ్గా అట్లాగే ఉంది దాని మొహం.

“తిట్టు బిడ్డా, తిట్టెయ్,” అన్నాను. “ఊకుండకు. మీ తాత గిట్లనే ఊకున్నడు.”

“ఏం తిట్టాలె నాయినమ్మా?” బకెట్లు కింద పెట్టింది. “నిన్న నేనే తడిగుడ్డ పెట్టి రుద్దిన. గా దుమ్ము మీద ఉత్త గుడ్డ పెట్టొద్దని వీడియోల సూసిన, అయినా రుద్దిన. కడిగే సామాను తెచ్చుకొని వారం అయితుంది. ఖరాబు చేస్తనేమోనని ముట్టనీకె భయం అయితుంది నాకు.”

అప్పుడు గదా నాకు ఊపిరి వచ్చింది! నిన్న అది నా మీద కోపంతో పైకి పోలేదు, దాని భయంతో అది పోయింది.

దశరథ్ నవ్వాడు. “భయం సరే గానీ, ఎండ రాకముందే మొదలుపెట్టుండ్రి. బానెట్ కాలితే సబ్బు అట్లనే ఎండిపోయి మరకలు పడ్తయ్. నేను చాయ్ తాగి వస్త.”

బిల్డింగు నీడలోకి కారును జరిపింది. ముందు ఉత్త నీళ్లు పోసి దుమ్మంతా కార్చాం. ఒక బకెట్లో సబ్బు నీళ్లు, ఇంకో బకెట్లో మంచినీళ్లు. మెత్తటి తొడుగు చేతికి వేసుకుని పైకప్పు నుంచి కిందికి కడిగింది. ప్రతిసారీ తొడుగును మంచినీళ్లలో జాడించి, తర్వాతే సబ్బులో ముంచాలట, లేకపోతే తీసిన ఇసుకనే మళ్లీ కారుకు రుద్దినట్టు అవుతుందట. చక్రాలు చివర, వేరే గుడ్డతో.

కడిగాక నా చేతికి పలచటి ప్లాస్టిక్ కవర్ తొడిగింది. ఉత్త చేతికి తెలియని గరుకు దాంతో తెలుస్తుందట. “ఇప్పుడు రాయి నాయినమ్మా.”

రాశాను. కంటికి అద్దంలా ఉన్న రేకు వేళ్ల కింద బొంబాయి రవ్వలా తగిలింది. “ఇదేంది బిడ్డా, కడిగితివి గదా?”

“కడిగితే పోనిది గదే. కంపెనీల పొగ, ఇనుప పొడి. క్లే పెట్టి తీయాలె.”

సంచీలోంచి మైదా ముద్దలాంటిది తీసింది. అదే క్లే. సగానికి తుంచి ఒక సగం డబ్బాలో పెట్టింది. రేకు మీద సబ్బు నీళ్లు కొట్టి ముద్దను జరిపింది. కిర్రుమంది.

“తడి చాలలేదు. జొన్నపిండి ఆరితే రొట్టె గిట్లనే మొరాయిస్తది. ఇంకా నీళ్లు కొట్టు,” అన్నాను. కొట్టింది. జారింది. “ఒత్తకు. ఊకే జరుపు.”

“నువ్వే జరుపు,” అని ముద్ద నా చేతిలో పెట్టింది.

జరిపాను. ముందు గరగర, తర్వాత నెమ్మది, తర్వాత ఏమీ లేదు. నున్నగా. ముద్దను తిప్పి చూస్తే దాని మీద నల్లటి చుక్కలు, మరక దగ్గరికి వచ్చేసరికి లేత ఎరుపు. కుంకుమ! “వస్తుంది బిడ్డా, వస్తుంది!” అన్న తొందరలో ముద్ద జారి నేల మీద పడింది. గబుక్కున తీసి కొంగుకు తుడిచాను.

“వద్దు!” అరిచింది స్నిగ్ధ. “కింద పడ్డది మళ్ల పెట్టొద్దు. ఇసుక అంటుకుంటది, కారు మొత్తం గీతలే.”

నా చెయ్యి అక్కడే ఆగిపోయింది. అది డబ్బా తెరిచి రెండో సగం ఇచ్చింది.

“అందుకే సగం దాచిన. నేనే పడేస్త అనుకున్న, నువ్వు పడేసినవ్.”

చాలా రోజుల తర్వాత అంత గట్టిగా నవ్వుకున్నాం ఇద్దరం.

దశరథ్ చాయ్ తాగి వచ్చి, నేను పీచుతో చేసిన గీతల మీద, కొంచెం మిగిలిన గులాబీ నీడ మీద వేలికి గుడ్డ చుట్టి పాలిష్ రాశాడు. “ఇది క్లేతోని పోదు, మైనంతోని పోదు. పైన పొర జెరంత అరగదీయాలె. ఎక్కువ గీకితే రంగే పోతది.” పది నిమిషాలు రుద్ది గుడ్డ తీశాడు. వంగి చూశాను, పక్కనుంచి చూశాను, అద్దాలు పెట్టుకుని చూశాను. కళ్లకు కనపడలేదు.

“పోయిందా?” అంది స్నిగ్ధ.

“పోయింది. మీ నాయినమ్మ బలం జెర తక్కువైంది గాబట్టి బతికినవ్,” అన్నాడు.

చివరికి వ్యాక్స్, అదే మైనం. నేను రొట్టెకు నెయ్యి పట్టించినట్టు మందంగా రాయబోతే స్నిగ్ధ ఆపింది. పలచగా రాయాలి, పొగమంచులా ఆరనివ్వాలి, ఆ తర్వాత మెత్తటి గుడ్డతో తుడిచేయాలి. తుడుస్తూ పోతుంటే నా మొహం, ఎప్పుడు దిగి వచ్చిందో నా వెనక నిలబడ్డ సుమిత్ర మొహం ఆ తెలుపులో లీలగా కనిపించాయి. సుమిత్ర చెంబుతో నీళ్లు పోసింది. చామాకు మీద పోసినట్టు ముత్యాలై జారిపోయాయి.

“పచ్చబొట్టు ఏది అత్తమ్మా?” అంది.

“నీ మొహానికి పొడుస్త, దా,” అన్నాను.

స్నిగ్ధ బకెట్లు కడిగి బోర్లించింది. కారుకు తాళం వేసి, తాళంచెవి నా చేతిలో పెట్టింది.

“పైన హుక్కుకు నువ్వే తగిలించు. మళ్ల శనివారం కూడ కడుగుదాం. రొట్టెపిండి లెక్క నువ్వు జరుపు, నేను నీళ్లు కొడ్త.”

“బొట్టు?” అన్నాను నెమ్మదిగా.

ముందు అద్దాన్ని వేలితో తట్టింది. “అద్దం మీద పెట్టు నాయినమ్మా. నీళ్లతోని కలిపి.”

నీళ్లతోనే కలిపాను. చిన్నది, కొసవేలంత. పైకి వచ్చి తాళంచెవి హుక్కుకు తగిలించి, స్నిగ్ధ పిలిచినా అన్నానికి లేవకుండా పొద్దుగూకే దాకా నిద్రపోయాను.