గోడవతల మోత, గొట్టంలో జెల్ల

లాస్మినా తమ్ముడితో మాట్లాడటం మానేసి మూడేళ్ళయింది. తిట్టడం మాత్రం ఒక్క పూట కూడా మానలేదు.

బ్లితార్ ఊరి చివర తండ్రి వదిలిపోయిన ఇంటిని ఇద్దరూ అడ్డగోడ కట్టి పంచుకున్నారు. ఇటు ఈవిడ అమ్మకానికి చేపలు పెంచే గది, అటు తమ్ముడు ప్రయిత్ స్పీకర్ల కొట్టం. స్పీకర్లంటే ఇంట్లో పాటలు వినేవనుకునేరు. ఊరేగింపుల్లో లారీ మీద నిలువెత్తున పేర్చే రాక్షసి పెట్టెలు! మధ్యాహ్నం వాడు వాటిని సరిచూస్తుంటే ఈవిడ వంటింట్లో పళ్ళేలు అరలోంచి వాటంతటవే దిగొచ్చేవి.

పళ్ళేలు పోతే పోనీ. ఆవిడ బెంగంతా తొట్టిలోని చారల జెల్ల చేపలు ఆరింటి గురించి. నలుపూ తెలుపూ చారలతో వేలెడంత ఉండే ఆ ఆరింటి కోసం గదిలో ఉన్న చేపలన్నీ ఇచ్చేసింది మహాతల్లి. అవి గుడ్లు పెట్టి పిల్లలైతే, వాటినమ్మి మళ్ళీ నిలబడుతుంది. లేదంటే ఇరవై ఏళ్ళ కష్టం గంగలో కలిసినట్టే. మూడేళ్ళుగా ఒక్క గుడ్డు లేదు. సంతలో కనబడితే చాలు, "ఏం లాస్మినా, నీ జెల్లలు ఇంకా పెళ్ళిచూపుల్లోనే ఉన్నాయా?" అని ఇకిలించేవాళ్ళు.

ఈ జెల్ల ఎక్కడపడితే అక్కడ గుడ్లు పెట్టే రకం కాదు. దానికి చీకటి బొరియ కావాలి. మగది ముందు అందులో కాపురం పెడితే తర్వాత ఆడది వస్తుంది. వచ్చినదాన్ని గుడ్లు పెట్టేదాకా మగది కదలనివ్వదు. బొరియ వదులైతే ఆడది జారుకుంటుంది, ఇరుకైతే మగదే దూరదు. అందుకని లాస్మినా పెంకుల బట్టీ నుంచి మట్టి తెచ్చి, రెండు వేళ్ళు పట్టే గొట్టాలు చేసి, ఒక కొస మూసి కాల్పించేది. పంపు నీళ్ళు మూతికి తగిలేలా వాటిని తొట్టి అడుగున పేర్చేది. వానాకాలం వచ్చిందని చేపలు నమ్మాలని సాయంత్రాలు ఐసు ముక్కలు వేసేది.

స్పీకర్లు మోగినప్పుడల్లా పెద్ద మగది గొట్టంలోకి దూరి, తల మాత్రం బయటపెట్టి కూర్చునేది. "చూడు, భయంతో ఎలా చస్తోందో!" అని లాస్మినా గోడకేసి చీపురు విసిరేది.

చివరికి వీధంతా తిరిగి సంతకాలు పోగేసి, ఊరి పెద్ద సుగెంగ్ ముందు పంచాయితీ పెట్టింది.

"చేపలకు చెవులుంటాయా పెద్దాయనా?" అన్నాడు ప్రయిత్. "మా అక్క కంటే అవే నయం, నోరు లేదు."

"నీకు చెవులు రెండూ ఉన్నాయిరా, వాటి మధ్యలోనే ఏమీ లేదు!" అంది లాస్మినా.

సుగెంగ్ తల పట్టుకున్నాడు. ఆగస్టులో స్వాతంత్ర్యోత్సవం ఊరేగింపు జరిగే రెండు రోజులు తప్ప వీధిలో స్పీకర్లు మోగకూడదని తేల్చాడు. లాస్మినా ఆ పూట కోడిని కోసి ఇరుగుపొరుగుకు భోజనం పెట్టింది. తమ్ముడింటికి మాత్రం పంపలేదు.

పీడ విరగడైందనుకుంది. ఏడు నెలలు చీమ చిటుక్కుమనలేదు. మగ జెల్ల మాత్రం గొట్టం ముఖం చూడటమే మానేసింది. లాస్మినా గొట్టాలు పొడుగువి చేసింది, పొట్టివి చేసింది, నల్లమట్టితో చేసింది. ఊహూఁ.

ఆగస్టు వచ్చింది. మొదటి రోజు ప్రయిత్ లారీ సరిగ్గా అక్క గుమ్మం ముందే ఆపి సాయంత్రం దాకా వాయించాడు. కావాలనే ఆపాడు, అందులో అనుమానం లేదు. తెల్లారి లాస్మినా టార్చి వేసి చూస్తే గొట్టంలో పసుపుపచ్చటి గుత్తి! పదమూడు గుడ్లు! మగది పక్కనే చేరి రెక్కలతో విసురుతోంది. ఆవిడకు ఏడుపొచ్చింది.

అంతలో బయట మళ్ళీ మోత మొదలైంది. "ఈ దరిద్రుడు నా గుడ్లు చంపేస్తాడు!" అని గొట్టాన్ని మగదానితో సహా ఎత్తి వెనక గది తొట్టిలోకి మార్చింది. చోటు మారేసరికి మగది బెదిరింది. ఆవిడ చూస్తుండగానే గుడ్లన్నీ బయటికి తోసేసి పారిపోయింది. లాస్మినా వాటిని ఏరి, టీ వడకట్టే జాలీలో వేసి నీళ్ళలో వేలాడదీసి, పంపు గాలి పెట్టింది. మూడో రోజుకి అన్నీ తెల్లగా బూజు పట్టాయి.

అప్పుడు వెలిగింది. మోత ఉన్నన్నాళ్ళూ మగది గొట్టం పట్టుకుని ఉంది. మోత ఆగాక వదిలేసింది. మళ్ళీ మోగితే ఒక్క రోజులో గుడ్లు! అంతకుముందు పెట్టకపోవడం జెల్లలకు ఈడు రాకే. అది భయం కాదు. వానలు పడతాయని ఉరుములు విన్నట్టు విని కాపురానికి సిద్ధమైంది. చంపింది తన చేతులే.

రెండు వారాలు అన్నం సయించలేదు. సిగ్గు చంపుకుని తమ్ముడి గుమ్మం తొక్కింది.

"స్పీకర్లు మోగించరా. సుగెంగ్‌కి నేను చెప్పుకుంటాను."

"ఏంటీ? వినబడలేదు. గట్టిగా అను."

"నీ మోత కావాలిరా నాకు!" అని అరిచింది. వీధిలో ఇద్దరు ఆగి చూశారు.

ప్రయిత్ నవ్వలేదు. కొట్టం తలుపు తీశాడు. లోపల సిమెంటు నేల తప్ప ఏమీ లేదు.

"పోయిన వారం కెదిరి ఊరివాడికి అమ్మేశా. ఏడాదికి రెండు రోజుల కోసం పెట్టెలు మేపమంటావా? నువ్వే గెలిచావుగా అక్కా, పో."

ఆవిడ అడ్డగోడకేసి తల తిప్పింది. ఖాళీ కొట్టంలో గోడవతల నుంచి బుడబుడమని చప్పుడు వినబడుతోంది. తన తొట్టి పంపు. ఇంత స్పష్టంగా ఇటు వినబడుతుందని ఆవిడకు తెలియదు.

"అదా?" అన్నాడు ప్రయిత్ తలుపు మూస్తూ. "గోడ కట్టిన నాటి నుంచీ రాత్రీ పగలూ వింటూనే ఉన్నా. నేనెవరి దగ్గరికైనా సంతకాలకు వెళ్ళానా?"