దూలం కింద చెక్క

దూలం మళ్లీ మూలిగింది.

"పైనున్నవాళ్లు కదలొద్దు. ఎక్కడివాళ్లక్కడే బోర్లా పడుకోండి," అంది పెద్దకోడలు. గొంతు పెంచలేదు. ఆమె గొంతు పెంచనప్పుడే పనివాళ్లకి వణుకు.

షెడ్డు మీద పాత రేకులు విప్పుతూ ఇద్దరున్నారు. వాళ్ల కింద, వాకిలి వైపు దూలం జానెడు కిందికి దిగి నిలబడింది. అది దిగిన ఊపుకి ఒక రేకు జారి, నేల మీద కత్తిలా నాటుకుంది. అందరూ బయటికి పరిగెత్తారు. పెద్దకోడలు మాత్రం లోపలికి పరిగెత్తింది.

"చిట్టీ, ఊతగుంజ ఇటు తే. పొట్టిది కాదు, పొడుగుది."

చిట్టి ఆమె మరిది. ఆరడుగుల మనిషి, వెల్డింగు పని. ఇంట్లో అందరికీ ఇంకా చిట్టే. గుంజని భుజాన వేసుకుని దూలం కిందికి వచ్చి నిలబెట్టాడు. పెద్దకోడలు దాని పాదం కింద పలక తోసి, సమ్మెటతో ఒక దెబ్బ వేసింది. పైనుంచి దుమ్ము రాలింది. ఇంకో దెబ్బ. గుంజ బిగిసింది. దూలం మూలుగు ఆగింది.

"ఇప్పుడు దిగండి. ఒకరి తర్వాత ఒకరు. తొందరేం లేదు, అది పట్టుకుంది."

మొదట దిగినవాడు నేల తాకగానే కూలబడ్డాడు. "అక్కా, నేను దిగాను గానీ నా ప్రాణం ఇంకా రేకు మీదే ఉంది."

"దాన్ని మధ్యాహ్నం దింపుదాంలే. ముందు నువ్వు నీళ్లు తాగు."

వాళ్లు నవ్వబోయారు. అంతలో మామగారు ఇంట్లోంచి వచ్చాడు. ఫోను చెవి దగ్గరే ఉంది.

"వచ్చెయ్యి. అవును, ఇప్పుడే. పడగొట్టాల్సింది షెడ్డే, ఇల్లు కాదు," అని ఫోను పెట్టేసి కోడలి వైపు చూశాడు. "పొక్లెయిన్ వస్తోంది."

షెడ్డు ఆయనదే. ట్రాక్టరు, గడ్డి మోపులు ఉండే రోజుల్లో గుంజలు నేలలో పాతి, పైన దూలాలేసి, రేకులు కప్పి కట్టించాడు. పై కొయ్య ఇప్పటికీ ఇనుములా ఉంది. నేలలో ఉన్న మొదళ్లే పుచ్చిపోయాయి. పెద్దకోడలు వడ్రంగం చేస్తుంది. అద్దెకి తీసుకున్న ఇరుకు గదిలో తలుపు చట్రం తిప్పాలంటే సగం వీధిలోకి వెళ్లాలి. ఈ షెడ్డుని బాగుచేసుకుంటే కార్ఖానా అవుతుందని అడిగింది. ఆయన ఒప్పుకున్నాడు, ఒక షరతు మీద. పనిలో ఒక్క పొరపాటు దొర్లినా షెడ్డు కూల్చి, స్థలం గోడౌన్ వాళ్లకి ఇచ్చేస్తాడు. భర్త లారీ మీద దూరాన ఉన్నాడు. పంచాయితీ చెయ్యడానికి మధ్యలో ఎవరూ లేరు.

ఆమె పద్ధతి ఇది. పుచ్చిన గుంజకి అటొకటి ఇటొకటి స్క్రూ జాకీలు పెట్టి దూలాన్ని వాటి మీద ఆపుతుంది. గుంజని నేల మట్టానికి కోసి, కింద కాంక్రీటు దిమ్మె పోసి, దాని మీద ఇనప పాదం బిగించి, గుంజని అందులో నిలబెడుతుంది. పనివాళ్లు ఆ ఇనప పాదాన్ని బూటు అంటారు. చాలా గుంజలు అప్పటికే బూట్లు తొడుక్కుని దర్జాగా నిలబడ్డాయి. వాకిలి దగ్గరి గుంజకి మాత్రం దిమ్మె ఇంకా ఆరుతోంది. ఆ మూల బరువంతా జాకీల మీదే.

"జాకీ ఎవడు పెట్టాడు?" అన్నాడు మామగారు.

"నేనే నాన్నా," అన్నాడు చిట్టి.

"అదీ సంగతి. గిన్నెకి మూత సరిగ్గా పెట్టలేనివాడికి దూలం కింద జాకీ అప్పగిస్తే ఇంకేమవుతుంది? అమ్మాయ్, నీ పనితనాన్ని నేనేం అనను. నీ మనుషులు మాత్రం తేలిపోయారు. మాట మాటే."

"మాట మాటే మామయ్యా. చూడనివ్వండి ముందు."

ఆమె మోకాళ్ల మీద కూర్చుంది. జాకీ విరగలేదు, ఒరగలేదు. స్క్రూకి పట్టించిన గ్రీజు మాత్రం ఒక పక్క చెరిగి ఉంది, ఎవరో దించి మళ్లీ ఎత్తినట్టు. జాకీ తలకీ దూలానికీ మధ్య ఉండాల్సిన చెక్కముక్క నలిగి, రెండుగా చీలి వేలాడుతోంది. వేలితో గిల్లి చూసింది. మైనంలోకి దిగినట్టు గోరు దిగింది.

"ఇది నా చెక్క కాదు."

"చెక్కకి పేరు రాసి ఉంటుందా ఏమిటి?" అన్నాడు మామగారు.

"రాయక్కర్లేదు. ఇది ప్యాకింగు పెట్టెది. మెత్తన. మోయలేదని నేనే టేకు ముక్క కోసి పెట్టాను. చిట్టి బిగించాక చేత్తో తడిమి మరీ చూశాను. నిన్న పొద్దుగూకేదాకా టేకే ఉంది. ఎవరో మార్చారు."

పనివాళ్లు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

"అక్కా, దాని మీదే మా ఇద్దరి బరువూ. మేమెందుకు తీస్తాం?" అన్నాడు నీళ్లు తాగుతున్నవాడు. "చావాలనుకుంటే ఇంతకంటే తేలిక దారులున్నాయి."

"మిమ్మల్ని అనలేదురా," అంది ఆమె. మామగారు కళ్లజోడు తీసి తుడవడం మొదలుపెట్టాడు. అద్దాలు శుభ్రంగానే ఉన్నాయి.

మొదట దిగినవాడు ఇంకా నేల మీదే కూలబడి ఉన్నాడు. పంచదార వేసి టీ తెస్తానని పెద్దకోడలు ఇంటికి నడిచింది. టీ ఒక వంక. ఇల్లు ఒకసారి చూడాలనిపించింది.

వెనక వరండాలో అత్తగారు తడి బట్టలు దులుపుతోంది. పక్కన బట్టల మిషన్ గిర్రున తిరుగుతోంది. పెద్దకోడలు గుమ్మంలోనే ఆగిపోయింది. ఈ మిషన్ తిరిగితే గెంతుతూ తలుపుదాకా వస్తుంది. ఇంట్లో ఎవరో ఒకరు పరిగెత్తి దాని మీద కూర్చోవాలి. ఇవాళ మాత్రం పెళ్లిచూపుల్లో కూర్చున్న పిల్లలా ఒద్దికగా ఉంది.

"చూశావా, దీనికి బుద్ధొచ్చింది. పొద్దున్న లేచేసరికి ఇలా మారిపోయింది," అంది అత్తగారు.

కోడలు వంగి చూసింది. మిషన్ ముందు కాలి కింద టేకు ముక్క. అంచున ఆమె పెన్సిలు గీత.

"అత్తయ్యా, మిషన్ ఆపండి."

"ఏం?"

"ఈ చెక్క దూలం కింద ఉండాలి. లేనందుకు ఇందాక దూలం దిగింది. పైన ఇద్దరు పనివాళ్లున్నారు."

అత్తగారి చేతిలో చొక్కా బకెట్లోకి జారింది. ఎవరు, ఎందుకు అని ఆవిడ అడగలేదు. మిషన్ ఆపింది. "నువ్వు ఎత్తు, నేను లాగుతా," అంది.

చెక్క బయటికొచ్చాక కోడలు అంది, "అందరి ముందూ చెప్పాల్సొస్తుంది అత్తయ్యా. చెప్పకపోతే షెడ్డు పోతుంది. మీకు కష్టంగా ఉంటుందేమో."

"పెళ్లయినప్పట్నుంచీ ఈ ఇంట్లో కనపడకుండా పోయినవన్నీ నేనే పోగొట్టానని పేరు. పద, నేనూ వస్తా. టీ తర్వాత పెడదాం."

వాళ్లు వచ్చేసరికి పొక్లెయిన్ గేటు దాటి, షెడ్డు ముందు ఇంజను ఆపకుండా నిలబడి ఉంది. మామగారు చెయ్యి చాపి దారి చూపిస్తున్నాడు. చిట్టి వాకిట్లో అడ్డంగా నిలబడ్డాడు.

"మామయ్యా," అంది పెద్దకోడలు, టేకు ముక్క ఎత్తి చూపిస్తూ. "ఇది ఎక్కడ దొరికిందో మీకేమైనా తెలుసా?"

ఆయన చెక్కని చూశాడు. వెనక నిలబడ్డ భార్యని చూశాడు. "ఇంత మంచి టేకుని తీసుకెళ్లి మట్టిలో, గ్రీజులో పెట్టడమేమిటి? చెక్క చెక్కే. ఏదైతేనేం, మోస్తుంది."

"మోయలేదు కదా."

"అది వేరే సంగతి. ముందు పని సంగతి చూడు."

చిట్టికి అర్థమైంది. తండ్రి మొహం చూడలేక తల దించుకున్నాడు. "పోనీలే వదినా, నేనే మార్చాననుకో. ఇంతటితో వదిలెయ్."

"నువ్వు మార్చావంటే పని తప్పవుతుంది చిట్టీ. పని తప్పయితే షెడ్డు ఉండదు. నీ నెత్తిన వేసుకుని నా నెత్తిన కొట్టకు."

డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టాడు. "అమ్మా, డీజిలు కాలిపోతోంది. కూల్చాలా, వద్దా? తప్పెవరిదో తేల్చుకుని ఒక మాట చెప్పండి."

"ఇంజను ఆపు, చెప్తాను," అంది పెద్దకోడలు.

ఇంజను ఆగింది. మామగారు మళ్లీ కళ్లజోడు తీయబోయాడు. అత్తగారు చెయ్యి చాపి దాన్ని ఆయన ముక్కు మీదే ఉంచింది.

పెద్దకోడలు సూటిగా ఆయన కళ్లలోకి చూసింది. గొంతు పెంచలేదు.

"మా పనిలో తప్పు లేదు. అందరూ పడుకున్నాక జాకీ దించి, ఈ టేకు ముక్క తీసి, పెట్టెచెక్క దోపి, దీన్ని బట్టల మిషన్ కింద పెట్టుకున్నది మా మామయ్య."